కషాయం, నానో సీసా, మన మిరప చేను

(మిరప, పత్తి రైతుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మనం మాట్లాడుకునేది తెగుళ్ల గురించి. పురుగు గురించి కాదు. ఈ తేడా ముందే చెప్పడానికి కారణం ఉంది. షాపులో కూర్చుని రెంటికీ కలిపి ఒకే మాట అంటారు, "మందు". పురుగుకు కొట్టేది తెగులుకు పనిచేయదు, తెగులుకు కొట్టేది పురుగుకు పనిచేయదు. ఏది దేనికో తేల్చుకోకుండా రెండూ ఒకే ట్యాంకులో కలిపి కొట్టించడం వల్ల లాభం ఎవరికో, నష్టం ఎవరికో మనకు తెలుసు.

ఈ రెండు మూడేళ్లుగా ఊళ్లలో రెండు మాటలు వినపడుతున్నాయి. ఒకరు వచ్చి, "మందులన్నీ విషమే, కషాయాలతోనే పంట పండుతుంది, ఇక షాపు గడప తొక్కనక్కర్లేదు" అంటారు. ఇంకొకరు చిన్న సీసా చేతిలో పెట్టి, "ఇది నానో, ఆకుల రసంతో చేసింది, మూత కొలత చాలు, కుళ్లు మాయం" అంటారు. సంఘం ఏమంటుంది అని మన సభ్యులు అడుగుతున్నారు. మన సంఘం ఏ శాస్త్రానికీ శత్రువు కాదు, ఏ సీసాకూ ఏజెంటు కాదు. కాబట్టి రెంటినీ విడివిడిగా చూద్దాం.

ఈ మాట ఇప్పుడే ఎందుకు? 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోతే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు లెక్క కట్టింది. ఆ లెక్కలో మన కౌలు ఎంత, కోత కూలి ఎంత, మందుల బిల్లు ఎంత అని అడిగితే జవాబు ఇచ్చిన వాళ్లు లేరు. ధర మన చేతిలో లేదు, దానికోసం రోడ్డెక్కుతూనే ఉన్నాం. ఖర్చు మాత్రం కొంతవరకైనా మన చేతిలో ఉంది. ఆ కొంత ఎక్కడుందో వెతకడమే ఇవాళ్టి పని.

తెగులు ఎలా వస్తుంది

మిరపలో మనల్ని ముంచేవి ముఖ్యంగా కాయకుళ్లు, కొమ్మ ఎండు, బూడిద తెగులు. నారుమడిలో నారుకుళ్లు. పత్తిలో వేరుకుళ్లు, ఆకుమచ్చ, వానలు పడితే కాయకుళ్లు. ఇవన్నీ శిలీంధ్రాలు చేసే పని. శిలీంధ్రం అంటే బూజు జాతి అనుకోండి. దానికి కంటికి కనపడని బీజాలు ఉంటాయి. బీజం ఆకు మీద పడి, కొన్ని గంటలు తడి దొరికితే మొలకెత్తి, సన్నటి గొట్టం లాంటిది లోపలికి దింపుతుంది. దిగిన తర్వాత ఆకు లోపలో, కాయ లోపలో కాపురం పెడుతుంది. మనకు మచ్చ కనపడేసరికి అది లోపల చాలా పని చేసి ఉంటుంది.

మిరపలో కాయకుళ్లు తెచ్చే శిలీంధ్రం కొల్లెటోట్రైకం. ఇది విత్తనంతో వస్తుంది, చేలో వదిలేసిన కంపలో, కుళ్లిన కాయలో బతికి ఉంటుంది. వాన చినుకుతో ఎగిరి పక్క మొక్క మీద పడుతుంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేలల్లో నీళ్లు నిలిచాయి, కాయ మీద తడి ఆరలేదు. అలాంటి రోజులే ఈ శిలీంధ్రానికి పండగ. పండు కాయ మీద గుంట పడి, నల్లటి చుక్కలు వలయాలుగా తేలతాయి. ఎండబెడితే రంగు తెల్లబోయి తాలు కాయ అవుతుంది. యార్డులో తాలు కాయకు వచ్చే ధర చెప్పుకుంటే సిగ్గు, చెప్పుకోకపోతే నష్టం.

బూడిద తెగులు సంగతి వేరు. వేరే పంటల్లో బూడిద ఆకు పైన ఉంటుంది. మిరపలో వచ్చే బూడిద శిలీంధ్రం ఆకు లోపలే పెరిగి, అడుగు భాగాన తెల్లగా బయటపడుతుంది. పైన చూస్తే పసుపు మచ్చలు మాత్రమే కనపడతాయి. ఆకులు రాలిపోయాక కానీ చాలామంది గుర్తుపట్టలేరు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కషాయాల దగ్గరకు వచ్చినప్పుడు అక్కరకొస్తుంది.

ఒకే మందు మీద ఆధారపడితే

మన గుంటూరు, ప్రకాశం నల్లరేగడికి ఒక చేదు పాఠం ఉంది. పత్తిలో సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చిన కొత్తలో పచ్చపురుగు చెట్టు మీద నుంచి రాలిపడేది. షాపులు అదే మందును మళ్లీ మళ్లీ ఇచ్చాయి. 1987 నాటికి ఆంధ్రప్రదేశ్ పత్తి చేలల్లో పచ్చపురుగు ఆ మందుకు లొంగడం మానేసింది. 1987-88లో ఈ రెండు జిల్లాల్లో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పేర్లు పత్రికలు మర్చిపోయినా ఆ ఊళ్లు మర్చిపోలేదు.

పురుగు ఎలా మందుకు అలవాటు పడుతుందో శిలీంధ్రమూ అలాగే పడుతుంది. ఒకే వర్గం తెగులు మందు వరసగా కొడితే, చావని నాలుగు బీజాలు మిగిలి, వాటి సంతానమే చేనంతా నిండుతుంది. స్ట్రాబిలూరిన్ వర్గం మందులకు లొంగని శిలీంధ్రాలు ప్రపంచంలో చాలా పంటల్లో బయటపడ్డాయి. ఇంకో పక్క, పాత మందుల మీద నీడ పడింది. 2020 మే నెలలో కేంద్రం నిషేధించాలని ముసాయిదా ఇచ్చిన 27 మందుల్లో కార్బెండజిమ్, మాంకోజెబ్, కాప్టాన్ ఉన్నాయి. అదే ఏడాది చివర్లో యూరప్ మాంకోజెబ్ అనుమతిని పొడిగించకుండా ఆపేసింది. మన మిర్చి కొనేవాడు తన దేశంలో వద్దన్న మందు అవశేషం మన కాయలో ఉంటే ఊరుకోడు. అందుకే ప్రత్యామ్నాయం కావాలి అన్న మాట నిజమే. ఏ ప్రత్యామ్నాయం, ఎవరి చేతిలో అన్నదే ప్రశ్న.

కషాయం ఏం చేస్తుంది, ఏం చేయదు

మొక్క కాళ్లు లేనిది, పారిపోలేదు. అందుకని తనను తినే పురుగుకు, కుళ్లబెట్టే బూజుకు విరుగుడు తనలోనే తయారు చేసుకుంటుంది. వెల్లుల్లి దంచితే వచ్చే ఘాటు అల్లిసిన్ అనే పదార్థం. దానికి శిలీంధ్రాన్ని ఆపే గుణం ఉంది. వేపలో అజాడిరక్టిన్ ఉంది, దాని పని ఎక్కువగా పురుగు మీద. తెగులు దగ్గర ఎక్కువ పనిచేసేది వేపనూనె. ఆకు మీద పొరలా పరుచుకుని బీజం మొలకెత్తకుండా అడ్డం పడుతుంది.

మనలో చాలామంది 5 శాతం వేప గింజల కషాయం చేస్తున్నారు. 5 కిలోల గింజల పప్పు పొడి గుడ్డలో కట్టి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పిండి, వడకట్టి, 100 లీటర్లకు కలిపి, 100 గ్రాముల సబ్బు పొడి వేసి కొట్టడం. ఇది పురుగు తొలిదశలో మంచిది. కాయకుళ్లుకు ఇదే చాలని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు తెగుళ్లకు పుల్లటి మజ్జిగ, శొంఠి-పాల కషాయం వాడుతున్నారు. 100 లీటర్ల నీళ్లకు 6 లీటర్ల పుల్ల మజ్జిగ అని లెక్క. దీన్ని నవ్వి కొట్టిపారేసే వాళ్లకు ఒక మాట. బ్రెజిల్‌లో గుమ్మడి జాతి పంట మీద బూడిద తెగులుకు పాలు నీళ్లలో కలిపి కొడితే పనిచేసిందని అక్కడి శాస్త్రవేత్తే 1999లో ప్రచురించాడు.

కానీ ఇందాక చెప్పుకున్నది గుర్తు చేసుకోండి. గుమ్మడి మీద బూడిద ఆకు పైన ఉంటుంది, మిరపలో లోపల ఉంటుంది. అక్కడ పనిచేసింది ఇక్కడ అంతే పనిచేస్తుందని అనుకోకూడదు. కషాయం గానీ, నూనె గానీ కాపలావాడి లాంటిది. దొంగ గుమ్మం దగ్గర ఉన్నప్పుడు ఆపగలదు. ఇంట్లో దూరి తలుపేసుకున్నాక బయట నిలబడి కర్ర ఊపితే లాభం లేదు. కాబట్టి మచ్చ కనపడకముందే మొదలుపెట్టాలి, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి, వాన పడితే మళ్లీ కొట్టాలి. వేపలోని పదార్థాలు ఎండకు కొద్దిరోజుల్లోనే చెడిపోతాయి, అందుకని సాయంత్రం పూట కొట్టాలి. వేపనూనె కొట్టిన చేనుకు వెంటనే గంధకం కొట్టకూడదు, ఆకు మాడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ చెట్టు వేపకాయలో ఉన్నంత సత్తువ ఆ చెట్టు కాయలో ఉండదు. తడిగా మూటకట్టి బూజు పట్టించిన గింజతో చేసిన కషాయం కషాయమే కాదు. ఒకరికి పనిచేసి, పక్కవాడికి పనిచేయకపోవడానికి సగం కారణం ఇదే. దీన్ని దేవుడి మీదకు తోయనక్కర్లేదు. గింజను నీడన ఆరబెట్టుకోవడం నేర్చుకుంటే చాలు.

మట్టిలో ఉండే తెగుళ్లకు, అంటే నారుకుళ్లు, వేరుకుళ్లు, ఎండు తెగులుకు, పైన కొట్టే కషాయంతో పని తక్కువ. అక్కడ ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం ఉంది. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో తడి ఆరకుండా గోనె కప్పి వారం పది రోజులు మాగబెట్టి చేలో చల్లుకోవాలి. ముల్లును ముల్లుతో తీయడమంటే ఇదే.

వేప మీద పేటెంటు కథ

వేపనూనెతో తెగులు ఆపడం మన తాతల నాటి విద్య అంటే నవ్వే వాళ్లున్నారు. కానీ దాని విలువ అమెరికా వాళ్లకు బాగా తెలిసింది. అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ అనే కంపెనీ కలిసి, వేపనూనెతో మొక్కల మీద శిలీంధ్రాలను అదుపు చేసే పద్ధతికి యూరప్‌లో పేటెంటు అడిగాయి. 1994లో వచ్చింది. పురుగు మీద కాదు, సరిగ్గా మనం ఇవాళ మాట్లాడుకుంటున్న శిలీంధ్రాల మీదే.

1995లో మన దేశం నుంచి వందనా శివ, యూరప్ పార్లమెంటులోని గ్రీన్ పార్టీల తరఫున మాగ్దా ఆల్వోట్, సేంద్రియ రైతు సంఘాల అంతర్జాతీయ సమాఖ్య కలిసి అభ్యంతరం వేశారు. కర్ణాటక రైతులు రోడ్డెక్కారు. 2000 మే 10న మ్యూనిక్‌లో ఆ పేటెంటు రద్దయింది. కంపెనీ అప్పీలుకు పోయింది. 2005 మార్చి 8న అదీ కొట్టేశారు. పదేళ్లు పట్టింది.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటి ఉంది. "మా పెద్దలు వాడేవాళ్లు" అన్న మాట ఒక్కటే ఆ కేసు నడపలేదు. పేటెంటు అడగకముందే మహారాష్ట్ర పొలాల్లో వేపతో తెగులు మీద పరీక్షలు జరిగాయని ఒకాయన వెళ్లి సాక్ష్యం చెప్పారు. అది బలంగా నిలబడింది. ఎప్పుడు, ఎక్కడ, ఎంత కొట్టారు, ఏం జరిగింది అన్నది చూపించగలగడం వల్ల వేప మనకు మిగిలింది. రేపు ఇదే వేపాకు రసంతో వెండి రేణువులు కలిపి, "ఇది మా ఆవిష్కరణ" అని కొత్త కాగితం పట్టుకొస్తారు. అప్పుడు మన దగ్గర నోటి మాట ఉంటే చాలదు, నోటు పుస్తకం ఉండాలి.

నానో అంటే ఏమిటి

ఇక సీసా దగ్గరకు వద్దాం. నానో అంటే చిన్నది. ఎంత చిన్నది? మీటరును వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. తల వెంట్రుక మందం 80 వేల నుంచి లక్ష నానోమీటర్లు ఉంటుంది. కాయకుళ్లు శిలీంధ్ర బీజం మీటరు పొడవు మిర్చి టిక్కీ అంత ఉందనుకుంటే, 20 నానోమీటర్ల వెండి రేణువు దాని పక్కన ఆవగింజంత కూడా ఉండదు.

చిన్నదైతే ఏమిటి లాభం? బెల్లం అచ్చు నీళ్లలో వేస్తే కరగడానికి సేపు పడుతుంది. అదే బెల్లం చితక్కొట్టి వేస్తే వెంటనే కరుగుతుంది. ముక్క చిన్నదయ్యేకొద్దీ నీళ్లకు తగిలే పైభాగం పెరుగుతుంది. రాగి, వెండి, జింకు లాంటి లోహాలు శిలీంధ్రాన్ని చంపుతాయని కొత్తగా చెప్పక్కర్లేదు. ఫ్రాన్సులో 1885లో ద్రాక్ష తోటల్లో మొదలైన బోర్డో మిశ్రమం మైలుతుత్తం, సున్నమే కదా. ఆ లోహాన్ని నానో రేణువుగా చేస్తే తక్కువ మోతాదుతో ఎక్కువ పని చేయించవచ్చన్నది శాస్త్రవేత్తల ఆశ.

ఇందులో మొక్కల రసం పని ఏమిటంటే, వెండి లవణం కలిపిన నీళ్లలో వేపాకు రసమో, మునగాకు రసమో పోస్తే ఆ రసంలోని పదార్థాలు వెండిని రేణువులుగా విడగొడతాయి. నీళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి. రేణువులు ముద్ద కట్టకుండా చుట్టూ పొరలా కూడా పట్టుకుంటాయి. రసాయనాలతో చేసే పని ఆకు రసం చేసింది కాబట్టి దీన్ని హరిత పద్ధతి అంటారు. మన తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానంలోని నానో ప్రయోగశాలలో మునగాకు రసంతో వెండి రేణువులు చేసి 2011లో ప్రచురించారు. కాబట్టి ఇది గాలి కబురు కాదు. మన విశ్వవిద్యాలయమే చేసిన పని.

రొయ్య పెంకు నుంచి తీసే కైటోసాన్‌తో కూడా నానో రేణువులు చేస్తున్నారు. రాగిని అందులో ఇమిడ్చి శిలీంధ్రాల మీద పరీక్షిస్తున్నారు. మన తీరంలో రొయ్యల చెరువులకు కొదవ లేదు. ఆ పెంకు మన మిరపకు మందు అయ్యే రోజు వస్తే సంతోషమే. అప్పుడు ఆ ఫ్యాక్టరీ రైతు సహకార సంఘం చేతిలో ఉండాలని కూడా ఇప్పుడే అడుగుతున్నాం.

మరి తొందరపడకూడదని ఎందుకంటున్నాం? గాజు పళ్లెంలో శిలీంధ్రం పెంచి దాని మీద చుక్క వేస్తే చావడం ఒక సంగతి. చేలో ఎండ ఉంది, వాన ఉంది, మంచు ఉంది, ఆకు మీద మైనం పొర ఉంది. రేణువులు ట్యాంకులోని ఉప్పు నీళ్లకే ముద్ద కట్టవచ్చు. మన పల్నాడు బోరు నీళ్లు ఎలా ఉంటాయో తెలిసిందే. పళ్లెంలో గెలిచింది పొలంలో గెలవాలని లేదు.

మోతాదు సంగతి చూడండి. అదే తిరుపతి శాస్త్రవేత్తలు 2012లో వేరుశనగ మీద జింకు నానో రేణువుల పని ప్రచురించారు. 1000 పీపీఎం దగ్గర మొలక, ఎదుగుదల బాగున్నాయి. 2000 పీపీఎం దగ్గర అదే జింకు మొక్కను అణిచేసింది. రెండింతలైతే మేలు కీడుగా మారింది. "మూత కొలత చాలు" అనే అమ్మకందారుడికి ఈ లెక్క తెలుసా అని అడగండి. వెండి అయితే చెడ్డ శిలీంధ్రాన్ని, మంచి బాక్టీరియాను వేరు చేసి చూడదు. మనం ట్రైకోడెర్మా చల్లి, దాని మీదే వెండి నీళ్లు పోస్తే ఒక చేత్తో నాటి ఇంకో చేత్తో పీకినట్టే. పైగా ఇంత సన్నటి రేణువు తుంపరలో కలిసి మందు కొట్టే కూలీ ఊపిరిలోకి పోతుంది. మాస్కు ఇవ్వకుండా అతని చేత కొట్టించే హక్కు మనకు లేదు.

నానో పేరుతో ఒక అనుభవం దేశానికి ఇప్పటికే ఉంది. 2021లో ఇఫ్కో నానో యూరియా వచ్చింది. అర లీటరు సీసా ఒక బస్తాకు సాటి అన్నారు. మొదట వచ్చిన సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా ఉంటుంది. ఆకు మీద కొడితే వృథా తగ్గుతుందన్నది వాళ్ల వాదన. పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వరి, గోధుమల్లో పరీక్షించి, యూరియా తగ్గించి నానో కొట్టిన చోట దిగుబడి తగ్గిందని చెప్పింది. శాస్త్రవేత్తల వాదన తెగకముందే సీసా మాత్రం మన గడపలోకి వచ్చేసింది. బస్తా కావాలంటే సీసా కొనాలని షాపుల్లో అంటగట్టడం మనమంతా చూశాం. తెగులు మందుల్లో అది మళ్లీ జరగనివ్వకూడదు.

సీసా మీద ఏం చదవాలి

చట్టం చాలా తేలిక భాషలో ఒక మాట చెబుతోంది. పురుగునో తెగులునో చంపుతుందని, అదుపు చేస్తుందని చెప్పి అమ్మే ఏ సరుకుకైనా 1968 పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. అది ఆకు రసమైనా, నానో అయినా అంతే. కాబట్టి సీసా తిప్పి చూడండి.

సి.ఐ.ఆర్. అని మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? తయారీ లైసెన్సు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ ఉన్నాయా? విషతీవ్రత చెప్పే రంగు ముక్క ఉందా? ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మిరప పేరు, తెగులు పేరు, మోతాదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో రాసి ఉందా?

ఇవి లేకుండా "బయో" అనో, "జీవ ఉత్ప్రేరకం" అనో, "నానో ఎరువు" అనో రాసి ఉంటే, అది తెగులు మందు కాదు. జీవ ఉత్ప్రేరకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చారు. వాటిలో పురుగుమందు అవశేషం 0.01 పీపీఎం దాటకూడదని అందులో ఉంది. "మొక్కల రసమే" అని చెప్పిన సీసా కొట్టగానే కుళ్లు టక్కున ఆగిందంటే సంతోషించే ముందు అనుమానించండి. లోపల చెప్పని రసాయనం ఉండవచ్చు. అది మన కాయలో అవశేషంగా తేలితే శిక్ష పడేది సీసా అమ్మినవాడికి కాదు, సరుకు వెనక్కి వచ్చిన మనకు. నానో సరుకును ఎలా పరీక్షించాలో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ ప్రకారం పరీక్షించిన కాగితం చూపించమని అడగడం మన హక్కు.

బిల్లు తీసుకోండి. అరువుకు తెచ్చినా బిల్లు తీసుకోండి. కొట్టాక ఖాళీ సీసా, కొద్దిగా మందు మిగిల్చి దాచండి. 2012లో జాతీయ విత్తన సంస్థ కేసులో మన రాష్ట్ర రైతుల తరఫున సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని తేల్చింది. వినియోగదారుల కమిషన్ గడప మనకూ ఉంది. అయితే అక్కడ అడిగే మొదటి ప్రశ్న బిల్లే.

ఈ మాట కౌలు రైతుకు చెప్పడం తేలిక, పాటించడం కష్టం. బ్యాంకు అప్పు లేక, షాపులోనే అరువు పెట్టినవాడు షాపువాడు ఇచ్చిందే తీసుకోవాలి. ఏది ఇచ్చాడో చదివే తీరిక, అడిగే ధైర్యం అరువు తినేస్తుంది. అందుకే కౌలు రైతుకు బ్యాంకు రుణం కావాలన్న మన డిమాండుకూ, ఇవాళ్టి తెగుళ్ల ముచ్చటకూ సంబంధం ఉంది. రుణం ఉంటేనే మందును ఎంచుకునే స్వేచ్ఛ.

కళ్లంలో బూజు

చేలో తెగులు గెలిచి కళ్లంలో ఓడిపోవద్దు. ఎండుతున్న కాయకు తడి తగిలితే పట్టే బూజు ఆస్పర్‌జిల్లస్. అది వదిలే విషం అఫ్లటాక్సిన్. మిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం 10 దాటకూడదని యూరప్ నియమం. దీనికి కషాయమూ లేదు, నానో సీసా కూడా లేదు. పట్టా ఉంది, సిమెంటు గచ్చు ఉంది. నేల మీద ఆరబోయకుండా ఉండటం, రాత్రి మంచుకు కప్పడం, కుళ్లిన కాయను ముందే ఏరేయడం, తేమ 10-11 శాతానికి దిగాక మాత్రమే టిక్కీ కట్టడం. బరువు కోసం నీళ్లు చల్లే అలవాటు ఎక్కడ, ఎవరు చేసినా అది మిర్చికి పెట్టే విషమే. పట్టాలు రాయితీ మీద సీజనుకు ముందే ఇవ్వాలని, వానొచ్చి పోయాక కాదని మనం అధికారులను గట్టిగా అడగాలి.

మన పని

ఇన్ని మాటలు చెప్పుకున్నాక చేతికి పని ఉండాలి. ఈ సీజనులో ప్రతి ఊరి శాఖ ఒక 20 సెంట్లు ఎంచుకోవాలని కోరుతున్నాం. ఒకే రకం, ఒకే రోజు నాటింది, ఒకే నీళ్లు. దాన్ని 5 సెంట్ల చొప్పున నాలుగు మడులు చేయండి. మొదటి మడిలో తెగులుకు ఏమీ కొట్టొద్దు. రెండో మడిలో వేపనూనె, మజ్జిగ లాంటివి ముందునుంచే క్రమం తప్పకుండా కొట్టండి. మూడో మడిలో లాం శాస్త్రవేత్తలు చెప్పిన తెగులు మందు, వాళ్లు చెప్పిన మోతాదులో, వర్గం మారుస్తూ కొట్టండి. నాలుగో మడి ఎవరైనా నానో మందు తెస్తే దానికి. కానీ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటేనే. లేకపోతే ఆ మడి ఖాళీగా ఉండనివ్వండి, ఆ ఖాళీయే జవాబు.

మడికి పది మొక్కలకు గుడ్డపీలికలు కట్టండి. ప్రతి కోతలో ఆ మొక్కల కాయలు ఎన్ని, కుళ్లినవి ఎన్ని లెక్కపెట్టి రాయండి. ఎండాక మడి వారీగా మంచి కాయ, తాలు కాయ విడిగా తూచండి. మందు ఖర్చు, కూలి, వాన పడ్డ తేదీలు రాయండి. ఏమీ కొట్టని మడి ఎందుకు, నష్టం కదా అని అడుగుతారు. ఆ మడి లేకపోతే పంట మందు వల్ల మిగిలిందో, ఆ ఏడు వాన తక్కువ వల్ల మిగిలిందో ఎవరూ చెప్పలేరు. సీసా అమ్మేవాడు ఎప్పుడూ చూపించని మడి అదే. మన చందాల్లోంచి ఆ 5 సెంట్ల నష్టాన్ని శాఖ భరించాలి, ముఖ్యంగా కౌలు రైతు చేను అయితే.

ప్రభుత్వాన్ని, విశ్వవిద్యాలయాన్ని మనం అడిగేవి ఇవి. మన లాం ఫారం, లాం, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాలు నానో, మొక్కల రసాల మందులను రైతుల చేలలో, మన నీళ్లతో, మన రకాల మీద పరీక్షించి, పనిచేసినవీ పనిచేయనివీ రెండూ తెలుగులో ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద అంటించాలి. రిజిస్ట్రేషన్ లేని సీసాల నమూనాలు తీసి, ఫలితాలు సీజను అయిపోయాక కాక సీజను నడుస్తుండగానే చెప్పాలి. ఎరువుతో, విత్తనంతో సీసా ముడిపెట్టి అమ్మితే లైసెన్సు రద్దు చేయాలి. ప్రజల డబ్బుతో మన ప్రయోగశాలల్లో పుట్టిన పద్ధతిని ఏ ఒక్క కంపెనీకీ కట్టబెట్టకుండా రైతు సహకార సంఘాలు తయారు చేసుకునేలా ఇవ్వాలి. మందు కొట్టే కూలీకి మాస్కు, చేతి తొడుగులు, ఏటా ఆరోగ్య పరీక్ష ఉండాలి.

కషాయాన్ని పూజించనక్కర్లేదు, నానోను చూసి భయపడనక్కర్లేదు. రెంటినీ చేలో నిలబెట్టి లెక్క అడుగుదాం. పోయినసారి పురుగు మన మీద ప్రయోగం చేసింది, కంపెనీలు మన మీద ప్రయోగం చేశాయి. ఈసారి ప్రయోగం మన చేతిలో ఉండాలి, లెక్క మన పుస్తకంలో ఉండాలి. మార్చి కోతలు అయ్యాక ప్రతి శాఖ ఆ పుస్తకం తీసుకుని జిల్లా సమావేశానికి రండి. అన్నీ కలిపి ఈ పత్రికలోనే అచ్చు వేద్దాం, ఆ కాగితం పట్టుకుని లాంకూ వెళ్దాం, కలెక్టరు దగ్గరకూ వెళ్దాం.

సెలవు.